కబురు, కబుర్లు, ఖబర్

"కబురు" అరబీ "ఖబర్" నుంచి వచ్చిందని చాలామందికి తెలిసిందే. ఖబడ్దార్‌లో ఉన్నదీ అదే. అయితే సమర్‌ఖండ్ పండితుడు నసఫీ (మరణం 1142) రాసిన చిన్న అఖీదా (ఇస్లాం విశ్వాసాల) గ్రంథం మొదట్లో ఈ మాట చూసి ఆగిపోయాను. మనిషికి తెలివిడి కలిగించేవి మూడంటాడాయన: బాగా పనిచేసే ఇంద్రియాలు, "ఖబర్ సాదిఖ్", బుద్ధి. ఖబర్ సాదిఖ్ అంటే నిజమైన కబురు. కంటికీ బుద్ధికీ మధ్యన కబురుకు పీట వేశాడు! కూడబలుక్కుని అబద్ధమాడటం అసాధ్యమనిపించేంత మంది చెప్పే కబురు ముతవాతిర్. మనం చూడని దూరదేశాలు, గతించిన రాజుల సంగతి మనకు అలాగే తెలుస్తుంది.

ఐరోపాలో దీనికి ఎదురు మాట వినిపిస్తుంది. 1660లో పుట్టిన శాస్త్రవేత్తల సంఘం లండన్ రాయల్ సొసైటీ నినాదం "నుల్లియస్ ఇన్ వెర్బా", అంటే ఎవరి మాటా పట్టుకుని నమ్మవద్దని. ఇతరుల అభిప్రాయాలు మన బుర్రలో ఎన్ని తేలినా మన జ్ఞానం రవ్వంత కూడా పెరగదన్నాడు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్.

తెలుగులో ఏకవచనం "కబురు"కు ఇంకా నసఫీ ఇచ్చిన ఆ బరువుంది. కబురొచ్చిందంటే చేతిలో పని వదిలి బయల్దేరతాం. బహువచనంలో కబుర్లు ఉబుసుపోకకే.

వ్యాఖ్య: అన్నా, ఇటు అంతా నమ్మకం, అటు అంతా అనుమానం అన్నట్టుంది. ఒకరిద్దరు చెప్పిన కబురు "ఖబర్ వాహిద్". చాలామంది ముస్లిం సిద్ధాంతులు దాన్ని బలమైన అంచనాగానే తీసుకున్నారు. హదీసుకు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కబురుకు) ఇస్నాద్ అందుకే, ఎవరు ఎవరి దగ్గర విన్నారో ఆ వరుస. అటు స్కాట్లండ్‌లో తత్వవేత్త థామస్ రీడ్ 18వ శతాబ్దంలోనే ఎదుటివారి మాట నమ్మే గుణం పుట్టుకతో వస్తుందన్నాడు.

వ్యాఖ్య: ఖబరస్తాన్ కూడా ఇదేనాండీ? చావు కబురు అంటాం కదా.

జవాబు: కాదండీ. అది సమాధి అనే అర్థమున్న మరో మాట. అరబీలో మొదటి అక్షరమే వేరు, మన లిపిలో రెండూ "ఖ" అయిపోయాయి.

వ్యాఖ్య: మన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో శబ్దప్రమాణమూ (మాట ద్వారా తెలుసుకోవడం) ఇలాంటిదే, ఆప్తుడి మాట. విషయం స్వయంగా ఎరిగి ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఆప్తుడు. మన వాడుకలో ఆప్తుడంటే దగ్గరివాడే అయ్యాడు, ఆ నష్టం చిన్నది కాదు. వైశేషికులనే మరో దర్శనం వారు మాత్రం శబ్దాన్ని అనుమానంలోనే కలిపేశారు. ఇక్కడ అనుమానమంటే సందేహం కాదు, గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం.

పోస్టు రాసినవారు: అన్నా, ఖబర్ వాహిద్ గురించి మీరు చెప్పిన ఆ సవరణ ఒప్పుకుంటున్నా. ఇస్నాద్ అనగానే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. పొరుగూరి నుంచి చావు కబురు వస్తే పొయ్యి మీద అన్నం దించకుండానే తెచ్చినవాణ్ణి అడిగేది: "ఎవరు చెప్పారు? పోయాడన్నారా, పోయాడట అన్నారా?" ఇంగ్లిష్ క్రియకు ఈ "అట" లేదు. వినికిడి మాటకు మన వ్యాకరణమే గుర్తు వేసి పంపుతుంది. "అట" అని తేలితే ఇంకొకణ్ణి సైకిల్ మీద పంపేది, వాడు తిరిగొచ్చేదాకా గడప దగ్గరే నిలబడేది.