చేతిరాత ఫాంటు: కదలికని ఫాంటులోనే పెట్టాలా, ప్రతి టైటిల్‌కీ విడిగా గీయాలా?

నల్లసిరా (విశాఖ)

పిల్లల కథల వీడియోలు చేసే ఒక చిన్న స్టూడియో కోసం తెలుగు చేతిరాత ఫాంటు చేస్తున్నాను. గుండ్రటి కుంచె, నల్ల ఇంకు, కాస్త గరుకు కాగితం. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, వత్తులు గీసి స్కాన్ చేసేశాను. ఇప్పుడు వాళ్లు అడుగుతున్నది ఏంటంటే, ఎడిటర్ టైపు చేయగానే అక్షరాలు గీస్తున్నట్టు పుట్టాలి, పుట్టాక సన్నగా వణుకుతూ ఉండాలి. ప్రతి వారం కొత్త కథ, కొత్త పేర్లు. ప్రతిసారీ నన్ను పిలిచి గీయించుకునే బడ్జెట్ లేదు.

నేననుకుంటున్నది ఇది: ప్రతి అక్షరానికీ మూడు రూపాలు గీసి ఫాంటులోనే స్టైలిస్టిక్ సెట్లుగా (కావాల్సినప్పుడు ఎంచుకునే వేరే రూపాల గుంపులు) పెట్టేస్తాను. ఎడిటర్ వాటిని తిప్పుకుంటూ పోతే అక్షరం కదులుతుంది. తెలిసిన వాళ్లలో సగం మంది "అది ఫాంటు పని కాదు" అంటున్నారు. నాకు మాత్రం ఫాంటులో పెట్టడమే సబబనిపిస్తోంది. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

పాత డీటీపీ (బందరు)

కారణం ఒకటే అమ్మా. చేత్తో రాసేవాడు చుట్టూ చూసుకుని రాస్తాడు, ఫాంటు చూసుకోదు. పాత సినిమా వాల్‌పోస్టర్లు గమనించండి. పై లైన్లో వత్తు దిగిందంటే ఆర్టిస్టు కింది లైనుని కొంచెం జరుపుతాడు, లేకపోతే వత్తునే పక్కకి లాగి ఖాళీలో దూరుస్తాడు. ఫాంటుకి కింది లైన్లో ఏముందో ఏం తెలుసు? అందుకే తెలుగులో రెండు లైన్ల టైటిల్ కొడితే మధ్యలో ఎడ్లబండి పట్టేంత ఖాళీ వస్తుంది. తగ్గిద్దామంటే పైనున్న వత్తు పోయి కింది గుడిని గుద్దుతుంది.

బాపు గారి రాత ఫాంటుగా వచ్చాక ఏమైందో మా తరం అంతా చూసింది. శుభలేఖ మీద అదే, పత్రిక శీర్షికలో అదే, దుకాణం బోర్డు మీదా అదే. రాత బాగుండకపోవడం కాదు, ప్రతి చోటా అదే 'అ', అదే వంపు కనిపించేసరికి చెయ్యి పోయి అచ్చు మిగిలింది. మీరు మూడు రూపాలు పెడితే మూడు అచ్చులు మిగులుతాయి, అంతే. ఇంకో మాట. అక్షరాలన్నీ ఆడించి మరీ చేతిలో పెడితే ఆ స్టూడియో మీకు మళ్లీ ఫోన్ చేస్తుందంటారా?

ఫ్రేము పన్నెండు (హైదరాబాద్)

నేను యానిమేటర్ని. డీటీపీ గారితో సగం ఏకీభవిస్తాను.

వణుకుని మేం బాయిల్ అంటాం. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములు ఉంచితే సెకనుకి 12 బొమ్మలు. బాయిల్‌కి అంత కూడా అక్కర్లేదు. మూడు రూపాలు తీసుకుని ఒక్కోదాన్ని మూడు నాలుగు ఫ్రేములు నిలబెడితే సరిపోతుంది. కాబట్టి నల్లసిరా గారి మూడు రూపాల లెక్కలో తప్పేం లేదు.

తేడా ఎక్కడ కొడుతుందంటే, 'అమ్మమ్మ' అని టైపు చేయండి. రెండు 'మ్మ'లు పక్కపక్కనే. రెండూ ఒకే సెట్లోంచి వస్తాయి కాబట్టి కవలల్లా ఒకే ఫ్రేములో ఒకేలా వణుకుతాయి. కన్ను వెంటనే పట్టేస్తుంది, ఇది మిషను పని అని. ఓపెన్‌టైప్ అనే ఫాంటు ఫార్మాట్‌లో కాల్ట్ అనే ఫీచరుంది, పక్కన ఏ అక్షరం ఉందో చూసి రూపం మార్చుతుంది. దాంతో రెండో 'మ్మ'ని వేరే రూపంతో మొదలుపెట్టించొచ్చు. అంతవరకూ ఫాంటు చేయాలి. ఎన్ని ఫ్రేములు, ఎప్పుడు ఆగాలి, కథలో దెయ్యం వచ్చినప్పుడు ఎంత వణకాలి అనేది మాకు వదిలేయండి. ఫాంటులో సమయం అనే మాటే లేదు కదా.

వత్తుల బుట్ట (బెంగళూరు)

వణుకు చిన్న సమస్య. 'గీస్తున్నట్టు పుట్టాలి' అన్నారు చూడండి, ముల్లు అక్కడుంది.

'స్త్రీ' తీసుకుందాం. యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకి వాడే సంకేతాల పట్టిక) అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఒక్కో సంకేతాన్నీ విడి డబ్బాలో పెట్టి ఆడించే వెబ్ కోడు చాలా ఉంది, ఇంగ్లీషు కోసం రాసింది. దాన్ని తెలుగు మీదకి వదిలితే గుడిదీర్ఘం ఒంటరిగా చుక్కల వలయం మీద కూర్చుంటుంది. సరే, ముక్కలు చేయడానికి యూనికోడ్ వారి ప్రామాణిక నియమమే వాడదామంటే, 2023 సెప్టెంబరులో యూనికోడ్ 15.1 వెర్షన్ వచ్చేదాకా ఆ నియమం ప్రకారం కూడా 'స్త్రీ' మూడు ముక్కలు: స్, త్, రీ. 15.1లో దేవనాగరి, బెంగాలీ, మలయాళం లాంటి వాటితో పాటు తెలుగు సంయుక్తాక్షరాన్ని కూడా విడగొట్టొద్దని చేర్చారు. ఎడిటర్ దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఏ కాలంనాటిదో మీకు తెలియదు. పాత ఆఫ్టర్ ఎఫెక్ట్స్ (వీడియోలో బొమ్మల్నీ అక్షరాల్నీ ఆడించే సాఫ్ట్‌వేర్) అయితే ముందు టెక్స్ట్ ఇంజిన్‌ని సౌత్ ఏషియన్‌కి మార్చమనండి, లేకపోతే అసలు వత్తే పడదు.

ముక్క కాకుండా కాపాడుకున్నా, వరస మాటేంటి? బళ్లో ఎలా వల్లించాం? సకు గుడిదీర్ఘం ఇస్తే సీ, సీకి త వత్తు ఇస్తే స్తీ, స్తీకి ర వత్తు ఇస్తే స్త్రీ. చెయ్యి కూడా ఆ వరసలోనే పోతుంది. ముందు అక్షరం ఒళ్లు, తర్వాత నెత్తిన గుడిదీర్ఘం, ఆ తర్వాతే కిందికి దిగి వత్తులు. కంప్యూటర్‌లో గుడిదీర్ఘం అన్నిటికన్నా చివర. టైపు వరసలో పుట్టిస్తే మొదట తలకట్టుతో 'స' వస్తుంది, తలకట్టు పోయి పొల్లు మొలుస్తుంది, పొల్లు మాయమై కింద త వత్తు పడుతుంది, మళ్లీ పొల్లు, మళ్లీ మాయం, ర వత్తు, అన్నీ అయ్యాక పైన గుడిదీర్ఘం. టైప్‌రైటర్ ఎఫెక్టు పెట్టిన తెలుగు వీడియోల్లో ఈ పొల్లు మినుకుమినుకు రోజూ చూస్తున్నదే. చూసేవాడికి కారణం తెలియకపోవచ్చు గానీ తెలుగు రానివాడెవడో రాస్తున్నట్టు మాత్రం అనిపిస్తుంది.

ఈ గ్లిఫ్ (ఫాంటులోని ఒక్కో బొమ్మ) ఒళ్లు, ఇది గుడి, ఇది వత్తు అన్న సంగతి తెలిసినది ఫాంటుకే. యానిమేటర్ చేతికి చేరేసరికి అంతా కలిసి ఒక బొమ్మ. అందుకే రాసే వరస ఫాంటు ఫైలుతోనే రావాలంటాను. ఫ్రేము గారు సమయం ఫాంటులో లేదన్నారు, నిజమే. కానీ 2016లో వేరియబుల్ ఫాంట్లు వచ్చాయి కదా, మీట జరిపితే ఆకారం సాగేవి. మందం, వెడల్పు లాగే 'రాత' అని ఒక అక్షం పెట్టండి. సున్నా దగ్గర ఏమీ ఉండదు, చివరికి వచ్చేసరికి అక్షరం పూర్తి. ఎడిటర్ ఆ ఒక్క మీట జరిపితే చాలు.

నల్లసిరా

రాత అక్షం ఊరిస్తోంది గానీ నా గీతలతో కుదురుతుందా? వేరియబుల్ ఫాంటులో ఈ చివరి రూపానికీ ఆ చివరి రూపానికీ అంచుని గీసే బిందువుల సంఖ్య, వరస ఒకటే ఉండాలి. స్కాన్ చేసిన కుంచె గీతని ట్రేస్ చేస్తే అంచు పొడవునా బిందువులు ఇసుక చల్లినట్టు వస్తాయి, ఏ రెండు రూపాలకీ లెక్క కలవదు. ఏక్ టైప్ అనే ఫాంటు సంస్థ వాళ్ల అనేక్ తెలుగు ఫాంటు చూశాను. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు 75 నుంచి 125 దాకా వెన్నలా సాగుతుంది. దాని అంచులు నున్నన కాబట్టి సాగుతుంది. నాది గరుకు.

ఒక దారుంది. ఫాంటులో నున్నటి అస్థిపంజరం పెట్టి, గరుకుని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో రఫెన్ ఎడ్జెస్ అనే ఎఫెక్టుతో తెప్పించడం.

పాత డీటీపీ

చేత్తో వచ్చిన గరుకుని తుడిచేసి, మళ్లీ కంప్యూటర్‌తో గరుకు పూయిస్తారా! ఇంతదానికి కుంచె, కాగితం ఎందుకు తల్లీ, మౌసుతోనే గీయకపోయారా?

ఫ్రేము పన్నెండు

ఈసారి డీటీపీ గారిదే పైచేయి. రాత అక్షం కాగితం మీద బాగుంటుంది, ఆచరణలో నరకం. అక్షరం రాస్తున్నట్టు చూపించడానికి మేం వాడే పద్ధతి వేరు. పూర్తి అక్షరం బొమ్మ కింద ఉంటుంది, దాని మధ్యగా కుంచె పోయిన దారిని ఒక లావుపాటి గీతగా గీసి మాస్క్ చేస్తాం. ఆ గీత పెరిగే కొద్దీ కింది గరుకు బయటపడుతుంది. అసలైన ఇంకు అంచు అలాగే ఉంటుంది. గీత తనని తానే తాకే చోట మాస్క్ రెండుగా కోయాలి, లేకపోతే ఇంకా రాయని భాగం ముందే తొంగిచూస్తుంది.

నల్లసిరా గారు అక్షరంతో పాటు ఆ మధ్యగీతని కూడా ఇస్తే సగం పని అయినట్టే. తలకట్టు మాత్రం విడి గీతగా ఉండాలి. చాలా మంది ఒళ్లు రాసి, కుంచె ఎత్తి, చివర్లో తలకట్టు కొడతారు. ఆ ఎత్తడం కనబడితేనే చేతిరాత.

పలక బలపం (ఖమ్మం)

ఒకటో తరగతి టీచర్ని. మీ లోపలి సంగతులు సగమే అర్థమయ్యాయి. కానీ ఈ వీడియోలు చూసేది మా పిల్లలు కాబట్టి చెప్పక తప్పదు.

ప, ఫ మధ్య తేడా ఎంత? కింద ఒక చిన్న గీత. ద, ధ కూడా అంతే. డ, ఢ కూడా అంతే. అక్షరమంతా వణికితే ముందు కనబడకుండా పోయేది ఆ గీతే. పెద్దవాళ్లం మాటని బట్టి ఊహించి చదివేస్తాం, అక్షరాలు కూడబలుక్కునే పిల్ల ఊహించలేదు. ఆడిస్తే ఒళ్లు ఆడించండి, ఆ చిన్న గీతల జోలికి పోకండి. రాసే వరస చూపించడం మాత్రం బంగారం. వత్తు ముందు రాసి గుడి తర్వాత పెట్టే వీడియో అయితే నా క్లాసులో వేయను.

ఇంకోటి, అక్షరం పుట్టాక ఎంతసేపు వణుకుతూనే ఉంటుంది? చదవనివ్వరా?

వత్తుల బుట్ట

మేడమ్ అడిగినదానికి వెబ్‌లో ఒక కొలత ఉంది. డబ్ల్యూసీఏజీ (వెబ్ పేజీలు అందరికీ వాడుకోవడానికి వీలుగా ఉండాలనే) నియమాల ప్రకారం, మిగతా సమాచారంతో పాటు తనంతట తానే మొదలై 5 సెకన్లు దాటి కదిలేదాన్ని ఆపే వీలు చూసేవాళ్లకి ఉండాలి. కదలిక తగ్గించమని ఫోన్లో పెట్టుకున్నవాళ్లకి వణుకు ఆపేయడం కూడా సీఎస్ఎస్‌లో (వెబ్ పేజీ రూపం చెప్పే కోడు) తేలికే. వీడియోలో ఆ వెసులుబాటు లేదు, అందుకే ఎడిటరే ఆపాలి.

రెండో కుంచె (డాలస్)

ఆలస్యంగా చూశాను. ఫాంటులో కదలిక అంటే నాకు బియోవుల్ఫ్ అనే ఫాంటు గుర్తొస్తుంది. 1989లో ఎరిక్ వాన్ బ్లోక్‌లాండ్, యుస్ట్ వాన్ రోసమ్ అనే ఇద్దరు డచ్ డిజైనర్లు చేశారు. పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్లో అక్షరం అచ్చయ్యే క్షణంలో దాని బిందువులు ఇష్టమొచ్చినట్టు జరిగేవి, ఒకే పేజీలో ఒకే అక్షరం రెండుసార్లు ఒకేలా పడేది కాదు. డీటీపీ గారి ఫిర్యాదుకి అప్పుడే జవాబు చెప్పిన ఫాంటు అది. 2011లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం మోమా దాన్ని తన సేకరణలో చేర్చుకుంది కూడా. కానీ ఈలోగా సిస్టమ్‌లు, ప్రింటర్ డ్రైవర్లు మారిపోయి ఆ జరగడం ఆగింది. తర్వాత ఓపెన్‌టైప్‌లో ముందే గీసిపెట్టిన రూపాంతరాలతో సర్దుకున్నారు.

అంటే ఫాంటులో ఆకారం ఉంటే ఎన్నేళ్లయినా ఉంటుంది. ప్రవర్తన పెడితే పక్కవాడి సాఫ్ట్‌వేర్ దయ. నల్లసిరా గారూ, రూపాలు పెట్టండి, ఆట పెట్టకండి.

నల్లసిరా

బియోవుల్ఫ్ కదలడం మానేసినా ఫాంటుగా పనికొచ్చింది కదా. నాదీ అంతే, కాల్ట్ పనిచేయని చోట మొదటి రూపం నిలబడుతుంది, పిల్లలు చదువుకుంటారు. అది ఓటమి ఎలా అవుతుంది?

డీటీపీ గారికి లెక్క చెప్తాను. 35 హల్లులకి తలకట్టు నుంచి ఔత్వం దాకా 13 చొప్పున గీస్తే 455. మూడేసి రూపాలంటే 1365. వత్తులు, అచ్చులు వేరే. అందుకే ఎవరూ అలా గీయరు, ఒళ్లు వేరు గుర్తు వేరు పెట్టి అతికిస్తాం. మేడమ్ చెప్పినట్టు ఒళ్లకే మూడు రూపాలు, గుర్తులకీ వత్తులకీ ఒక్కటే, ప-ఫ తేడా గీతలు కదలవు. దీంతో పని మూడింతలు కాకుండా పోతుంది, మంచి మాట అన్నారు. రాత అక్షం వదిలేస్తున్నా. మధ్యగీతల్ని ఎస్వీజీ ఫైళ్లుగా (గీతల్ని గీతలుగానే దాచే బొమ్మ ఫైళ్లు), వల్లెవేసే వరసలో, ఫాంటుతో పాటు ఇస్తాను.

కానీ "ప్రతిదీ చేత్తో గీయాలి" అన్న వాదన ఒప్పుకోను. వాల్‌పోస్టర్ ఆర్టిస్టుకి సినిమాకో టైటిల్. ఇక్కడ వారానికో కథ, కథ నిండా పేర్లు, మాటలు. నేను ఫాంటు ఇవ్వకపోతే వాళ్లు చేత్తో రాయించరు, సిస్టమ్‌లో ఉన్న గౌతమి ఫాంటు పెట్టేసి దానికి నీడ తగిలిస్తారు.

వత్తుల బుట్ట

వరస పరీక్షకి 'జ్యోత్స్న' పెట్టుకోండి. జకు ఓత్వం ఇస్తే జో, జోకి య వత్తు ఇస్తే జ్యో, తర్వాత త కింద రెండు వత్తులు. అది సరిగ్గా పుడితే ఏదైనా పుడుతుంది. అయినా ఎస్వీజీ వేరుగా ఇవ్వడం నాకు నచ్చలేదు. ఆర్నెల్లకి ఆ ఫోల్డర్ ఎవరి దగ్గరా ఉండదు, ఫాంటు ఒక్కటే మిగులుతుంది.

పాత డీటీపీ

'జ్యోత్స్న'ని పై లైన్లో పెట్టి కింద 'వీణ' పెట్టి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

అయినా గౌతమికి నీడ తగిలిస్తారన్న మాట నిజమే, దానికి జవాబు లేదు. అలాగైతే ఒకటి చేయండి. లోపలి మాటలకి ఫాంటు, కథ పేరు మాత్రం చేత్తో, దానికి వేరే రేటు. నోటిమాటగా కాదు, ఒప్పందంలో రాయించుకోండి. మాస్కుల సోర్సు ఫైళ్లు మీ దగ్గరే ఉంచుకోండి.

నల్లసిరా

సోర్సు ఫైళ్లు అడ్వాన్సులోనే అడిగారండీ. ఇంకా పంపలేదు. అసలు ఇలాంటి పనికి టైటిల్‌కి ఎంత తీసుకుంటున్నారు మీరంతా? ఇక్కడ వద్దనుకుంటే మెసేజ్ పెట్టండి.