చదువుకు తగని ఉద్యోగం, తీరని అలసట: మీ అనుభవాలు చెప్పండి

వేకువ:
గణాంకశాస్త్రంలో పరిశోధన పూర్తిచేసి మూడేళ్లుగా ఒక సంస్థలో పనిచేస్తున్నాను. ఇతరులు పంపిన అంకెలను ఒక పట్టికలోంచి మరో పట్టికలోకి ఎక్కించి, వారం వారం అదే నివేదికను అదే రూపంలో పంపడమే నా పని. చాలా రోజులు అది మధ్యాహ్నానికే ముగుస్తుంది. అయినా సాయంత్రానికి ఒళ్లంతా పిండేసినట్లుంటుంది, సెలవు ముగిసే పూట మర్నాటి తలపుతోనే గుండె బరువెక్కుతుంది. పని తక్కువైనప్పుడు ఈ అలసట ఎక్కడిదని ఇంట్లోవారు అడిగితే జవాబు చెప్పలేకపోయాను. ఇది బర్న్‌అవుటేనా, లేక నా అసంతృప్తికి నేను పెట్టుకున్న పేరా?

నీలిసిరా:
వేకువ గారూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో బర్న్‌అవుట్‌ను వ్యాధిగా కాక, పనిచేసేచోట ఎడతెగని ఒత్తిడి చక్కబడకపోవడం వల్ల కలిగే స్థితిగా పేర్కొన్నారు. శక్తి హరించుకుపోవడం, పని మీద మనసు విరగడం, చేసిన పనికి ఫలం లేదనిపించడం దాని మూడు ముఖాలు. ఒత్తిడికి కొలత పనిగంటలొక్కటే కాదు. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు ప్రతిపాదించిన నమూనాలో పని ఎంత డిమాండ్ చేస్తుందన్నది ఒక కొలతైతే, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎంతన్నది రెండోది. రెండూ తక్కువగా ఉన్న ఉద్యోగంలో మనిషి నేర్చిన నైపుణ్యాలు వాడకం లేక క్రమంగా సన్నగిల్లుతాయని ఆయన అన్నారు. మీరు చెప్పినది నాకు అదే అనిపిస్తోంది. విసుగు వల్ల వచ్చే ఈ నీరసాన్ని ఐరోపాలో 2007 నుంచి బోర్‌అవుట్ అని కూడా అంటున్నారు.

గట్టుదారి:
నా అనుభవం దీనికి తలకిందులుగా ఉంది. అర్హత ఎక్కువని తెలిసే నన్ను చిన్న హోదాలోకి తీసుకున్నారు. ఆరు నెలలు తిరగకముందే, ఎవరికీ కొరుకుడు పడని పనులన్నీ "మీకైతే సులువు కదా" అంటూ నా దగ్గరికి చేరాయి. సీనియర్ల నివేదికల్లో తప్పులు సరిదిద్దడం, కొత్తవారికి శిక్షణ ఇవ్వడం, సమావేశాలకు కావలసిన విశ్లేషణంతా రాసిపెట్టడం నా వంతైంది, హోదా, జీతం మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. చివరికి నాకు నిద్ర పట్టని రాత్రులు ఎక్కువై వైద్యురాలిని కలవవలసి వచ్చింది. నన్ను కుంగదీసింది శ్రమ కన్నా అన్యాయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. ఎవరైనా అదనపు పని అప్పగిస్తే, అది ఎంతకాలమో, ఏ పేరు మీదో ఆ రోజే రాతపూర్వకంగా అడగండి. నేను అడగడానికి రెండేళ్లు ఆలస్యం చేశాను.

తీరిక:
నేను కావాలనే చిన్న ఉద్యోగంలోకి వచ్చినవాణ్ణి, బాగానే ఉన్నాను. పట్టా కన్నా పని చిన్నది కావడం వేరు, తన శక్తి వృథా అవుతోందని మనిషికి అనిపించడం వేరు. పరిశోధకులు కూడా ఈ రెండింటినీ విడిగానే కొలుస్తారు.

చెలమ:
వేకువ గారూ, మీ స్థితిలోనే నేను నాలుగేళ్లు ఉన్నాను. మొదట మేనేజర్‌తో "నా అర్హతకు ఈ పని చాలదు" అన్నాను. ఆయన దాన్ని ఫిర్యాదుగా విన్నారు, నేను వెళ్లిపోతానని అనుకుని ముఖ్యమైన పనులకు మరింత దూరం పెట్టారు. రెండోసారి అర్హత ఊసే ఎత్తకుండా, ప్రతి నెలా ఒకే చోట తప్పులు దొర్లుతున్న ఒక నివేదికను చూపించి, దాని బాధ్యత మూడు నెలలు నాకివ్వమని అడిగాను. ఇచ్చారు. ఉన్న ఉద్యోగాన్నే లోపలి నుంచి ఇలా మలచుకోవడాన్ని ఎమీ రెజ్‌నెస్కీ, జేన్ డటన్ అనే పరిశోధకులు 2001లో జాబ్ క్రాఫ్టింగ్ అన్నారు. అయితే అది అన్నిచోట్లా కుదరదు. ఆ తలుపు రెండుసార్లు మూసుకుంటే మూడోసారి తట్టకుండా వేరే ఉద్యోగం వెతుక్కోమనే చెబుతాను, ఎందుకంటే వాడని నైపుణ్యం మీద మనకే నమ్మకం పోతే ఇంటర్వ్యూలో దాని గురించి మాట్లాడడం చాలా కష్టమవుతుంది.

వేకువ:
చెలమ గారూ, ఆఖరి మాట నాకు బాగా తగిలింది. ఒకప్పుడు అలవోకగా రాసిన ప్రోగ్రాం నిన్న రాయబోతే చేయి ఆడలేదు. నా నివేదికలో అంకెలు ఎందుకు మారుతున్నాయో ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ వారం పంపేటప్పుడు దాని గురించి ఒక పేజీ జతచేస్తాను. వచ్చిన స్పందన ఇక్కడే రాస్తాను.