పోనీటెయిల్ వేస్తే బ్యాంగ్స్ మధ్యలో చీలిపోతున్నాయి, ఎలా ఆపాలి?

మాది హనుమకొండ. నెల కింద బ్యాంగ్స్ కట్ చేయించుకున్నాను, నుదుటి మీద పడుతూ కనుబొమ్మల దాకా ఉంటాయి. జుట్టు సన్నం, కొద్దిగా వంకీలు. నుదుటి దగ్గర ఎడమవైపు సుడి ఉంది.

జుట్టు వదిలేస్తే బాగానే ఉంటుంది. ఎత్తుగా పోనీటెయిల్ వేస్తేనే గొడవ. 8 గంటలకు వేసుకుంటే, స్కూటీ మీద కాజీపేట చేరేసరికి బ్యాంగ్స్ సరిగ్గా సుడి దగ్గర రెండుగా చీలి, చెమటకు నుదుటికి అతుక్కుపోతున్నాయి. హెల్మెట్ వల్లేమో అనుకున్నాను, కానీ ఇంట్లో ఉన్న రోజు కూడా గంటలోపే ఇదే పరిస్థితి.

పొడి జుట్టుకు వెల్క్రో రోలర్ 15 నిమిషాలు పెట్టాను, తీసిన 20 నిమిషాలకే పడిపోయాయి. స్ట్రెయిట్నర్ 180 డిగ్రీల్లో పెడితే మరీ చదునుగా అయ్యాయి. హెయిర్ స్ప్రే కొడితే పుల్లల్లా బిగుసుకున్నాయి. అమ్మ చెప్పిందని రెండు చుక్కల కొబ్బరినూనె రాశాను, అది ఇంకా తప్పయింది, పాయలు పాయలుగా విడిపోయాయి. కాస్త పనిచేసింది ఒక్కటే: బ్యాంగ్స్ మాత్రం తడిపి, డ్రైయర్‌తో ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు దువ్వుతూ ఆరబెట్టడం. అప్పుడు దాదాపు రెండు గంటలు నిలిచాయి. ఆ తర్వాత పోనీటెయిల్ బిగించగానే సుడి దగ్గరి వెంట్రుకలు వెనక్కి లాగినట్టయి మళ్లీ చీలాయి.

సద్దుల బతుకమ్మకు ఇలాగే పోనీటెయిల్ వేసుకుని పూలు పెట్టుకోవాలని చాలా ఆశగా ఉంది. నుదుటి దగ్గర సుడి ఉన్నవాళ్లు చెప్పండి: బ్యాంగ్స్‌ను పోనీటెయిల్ కట్టకముందే ఆరబెట్టాలా, కట్టిన తర్వాతా?