పెరాక్సైడ్ రాకెట్ ఇంట్లో చేయొచ్చా?

ఎంవీపీ కాలనీ కుర్రాడు:
అన్నలూ, బీటెక్ మెకానికల్ చదువుతున్నా. 1971లో బ్రిటన్ బ్లాక్ యారో రాకెట్‌తో ప్రాస్పెరో ఉపగ్రహాన్ని పంపింది ప్రధానంగా కిరోసిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌లతో అని చదివినప్పటి నుంచి మనసంతా దాని మీదే ఉంది. పెరాక్సైడ్ విడిపోతే మిగిలేది ఆవిరి, ఆక్సిజన్, అంతే. మందుల షాపు సీసా ఎలాగూ పనికిరాదు. గాఢమైన సరుకు వైజాగ్‌లో ఎక్కడ దొరుకుతుంది? లేదా ఇంట్లోనే గాఢత పెంచుకోవచ్చా?

పరవాడ షిఫ్ట్:
తమ్ముడూ, ప్లాంటులో రోజూ ఈ సరుకు దగ్గరే పని నాది. ఎక్కడ కొనాలో, ఎలా చిక్కబరచాలో నేను చెప్పను, ఇక్కడ ఇంకెవరూ చెప్పొద్దని కూడా మనవి. అది విడిపోతే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా జోరుగా విడిపోతుంది, ఒకసారి అందుకుందంటే ఆపడం నీ వల్ల కాదు, కాస్త తుప్పు పడినా చాలు. మా డ్రమ్ములకు గాలి పోయే మూతలే ఉంటాయి, బిగించేస్తే డ్రమ్ము ఉబ్బిపోతుంది. గ్లౌజుకు చిల్లు పడి ఒక్క చుక్క తగిలినా వేలు సున్నం పూసినట్టు తెల్లబడి మండుతుంది. నువ్వు అడిగే గాఢత దానికంటే చాలా ఎక్కువ, గుడ్డ మీద పడితే అగ్గిపుల్ల అక్కర్లేకుండానే అంటుకోవచ్చు.

బీచ్ రోడ్డు వాకర్:
ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్లి టార్పెడో గొట్టాల దగ్గర ఒక్క నిమిషం నిలబడు, ఎంత ఇరుకో తెలుస్తుంది. 2000 ఆగస్టులో రష్యా సబ్‌మెరైన్ కుర్స్క్‌లో ప్రాక్టీస్ టార్పెడో నుంచి లీకైన పెరాక్సైడ్‌తోనే పేలుడు మొదలైంది, 118 మంది పోయారు. 1955లో బ్రిటిష్ సబ్‌మెరైన్ సిడన్‌లోనూ ఇదే, 13 మంది. వాళ్లంతా శిక్షణ పొందినవాళ్లు బాబూ. నీకు అమ్మానాన్నా ఉన్నారు.

ఎంవీపీ కాలనీ కుర్రాడు:
కుర్స్క్ కారణం ఇదని నాకు తెలీదు. సరే, మానేస్తా. కానీ ఇంజిన్ పిచ్చి మాత్రం పోదు, ఏం చేయమంటారు?

మద్దిలపాలెం మాస్టారు:
పోనివ్వకు నాన్నా. రష్యా సోయుజ్ రాకెట్‌లో ఇంధనాన్ని ఇంజిన్‌లోకి తోసే టర్బో పంపును ఇప్పటికీ తిప్పేది పెరాక్సైడే, కాబట్టి నీ ఆసక్తి వృథా కాదు. అదే పేరున్న సోయుజ్ వ్యోమనౌక కక్ష్యలో దాదాపు 200 రోజులే ఉండగలగడానికి ఒక కారణం కూడా దాని పెరాక్సైడ్ నెమ్మదిగా విడిపోతుండటమే. నాజిల్ (వాయువు బయటికొచ్చే మూతి), థ్రస్ట్ (తోసే బలం) లెక్కలు కాగితం మీద వేసి మీ ప్రొఫెసర్‌కు చూపించు. చేత్తో చేయాలనుంటే వాటర్ రాకెట్ కట్టు: రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, మూడో వంతు నీళ్లు, సైకిల్ పంపు. మంచినీళ్ల బాటిల్ వద్దు, పల్చన, పగులుతుంది. పొడవాటి తాడుతో దూరం నుంచి వదలాలి, కళ్లద్దాలు తప్పనిసరి. ఎయిర్‌పోర్టు వైపు మాత్రం వద్దు, అది నేవీ స్థావరం కూడా. ఫిన్లు కాస్త వంకరైనా గిరగిరా తిరిగి పడిపోతుంది, ముందు దాన్ని నిటారుగా పంపి చూపించు.