ఆన్‌లైన్‌లో క్రిమినల్ జస్టిస్ డిగ్రీ: ఈ వయసులో చేరొచ్చా?

నైట్ డ్యూటీ:
అందరికీ నమస్తే. నాకు 34 ఏళ్లు, ఇండియాలో బీకామ్ చేశాను, అమెరికాలో గ్రీన్ కార్డు వచ్చి రెండేళ్లయింది. గోడౌన్‌లో రాత్రి డ్యూటీ, ఇద్దరు పిల్లలు. పోయినేడాది మా బంధువులమ్మాయికి గృహహింస కేసులో తోడుగా కోర్టుకి వెళ్లాను. అక్కడ విక్టిమ్ అడ్వకేట్ (బాధితులకి తోడుండి సాయం చేసే మనిషి) ఒకావిడ ఆ అమ్మాయి పక్కనే కూర్చుని, జడ్జి అన్న ప్రతి ముక్కా మెల్లగా విడమరిచి చెప్పింది, అమ్మాయి చేతులు వణుకుతుంటే నీళ్ల గ్లాసు తనే పట్టుకుంది. నేనూ అలాంటి పనే చేయాలని ఆరోజే అనుకున్నాను. ఇప్పుడు ఒక ఆన్‌లైన్ యూనివర్సిటీ వాళ్లు రోజూ ఫోన్ చేసి, క్రిమినల్ జస్టిస్ (పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థల గురించిన చదువు) డిగ్రీలో ఈ వారమే చేరండి, ఈ డిగ్రీ ఉంటే ఎఫ్‌బీఐలోకి కూడా వెళ్లొచ్చు అంటున్నారు. ఆన్‌లైన్ డిగ్రీకి విలువ ఉంటుందా? ఫీజు కట్టేయనా?

కౌంటీ ప్రొబేషన్:
ఇంకా కట్టకండి అక్కా. నేను ఈ డిగ్రీ పూర్తిగా ఆన్‌లైన్‌లోనే చేశాను, ఇప్పుడు కౌంటీ ప్రొబేషన్ శాఖలో (కోర్టు జైలుకి బదులు పర్యవేక్షణలో ఉంచినవాళ్లని చూసే శాఖ) టీనేజ్ పిల్లల కేసులు చూస్తున్నాను, కాబట్టి విలువ లేదని నేననను. ఆరిజోనా స్టేట్, పెన్ స్టేట్ లాంటి పెద్ద యూనివర్సిటీలే ఈ సబ్జెక్టు ఆన్‌లైన్‌లో చెప్తున్నాయి, సర్టిఫికెట్ మీద ఆన్‌లైన్ అని కూడా వేయరు. అక్రెడిటేషన్ (అధికారిక గుర్తింపు) ఉందో లేదో ఫెడరల్ విద్యాశాఖ సైట్‌లో మీరే చూసుకోండి, ఫోన్లో చెప్పిన మాట నమ్మొద్దు.

చదువు తేలికనుకోకండి. వారం మధ్యలో చర్చకి ఒక పోస్టు, ఆదివారం లోపు మరో ఇద్దరికి జవాబులు, పైన మిరాండా (1966), టెర్రీ (1968) లాంటి సుప్రీంకోర్టు తీర్పులకి కేస్ బ్రీఫ్‌లు (తీర్పు సారాంశాలు), అందరూ భయపడే స్టాటిస్టిక్స్. నాకు బాగా పనికొచ్చింది మాత్రం రిపోర్టు రాయడం. "అతను కోపంగా ఉన్నాడు" అని రాస్తే ప్రొఫెసర్ గారు ఎర్ర గీతతో కొట్టేసి, కోపం నీకు ఎక్కడ కనిపించింది, పిడికిలి బిగించాడా, తలుపు తన్నాడా, అది రాయి అన్నారు. రేపు కోర్టులో లాయరు అడిగేది కూడా అదే, ఇప్పటికీ ప్రతి రిపోర్టు దగ్గర ఆ ఎర్ర గీత గుర్తొస్తుంది.

911 డెస్క్:
ఎఫ్‌బీఐ మాట వినగానే బాధేసింది. స్పెషల్ ఏజెంట్‌కి అమెరికా పౌరసత్వం ఉండాలి, 36 నిండకముందే అప్లై చేయాలి. గ్రీన్ కార్డు తర్వాత పౌరసత్వానికి మామూలుగా ఐదేళ్లు, అంటే మీకింకా మూడేళ్లుంది, అప్పటికి మీకు 37. ఆ దారి మూసుకుపోయినట్టే. పైగా దానికి ఈ డిగ్రీయే కావాలని లేదు, అకౌంట్స్ చదివినవాళ్లని కూడా తీసుకుంటారు. పోలీసు ఉద్యోగానికైతే ఏ డిగ్రీ ఉన్నా అకాడమీ ట్రైనింగ్ విడిగా చేయాల్సిందే. పౌరసత్వం రూలు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాలిఫోర్నియాలో 2023 నుంచి అక్కర్లేదు. మీ కౌంటీ ఉద్యోగ ప్రకటనలు నాలుగైదు ముందు పూర్తిగా చదవండి.

కౌంటీ ప్రొబేషన్:
ఇంకో ముఖ్యమైన సంగతి మర్చిపోయాను. మీ బీకామ్ ఉంది కదా! దాన్ని నాసెస్ (NACES, విదేశీ డిగ్రీలు ఇక్కడి ఏ చదువుకి సమానమో తేల్చే సంస్థల సంఘం) సభ్య సంస్థ ఏదైనా ఒకదానితో మదింపు చేయించండి. మూడేళ్ల డిగ్రీని కొందరు ఇక్కడి బ్యాచిలర్స్‌కి సమానం అంటారు, కొందరు మూడేళ్ల చదువుగానే లెక్కేస్తారు. సమానమని వస్తే మళ్లీ 120 క్రెడిట్ల డిగ్రీ ఎందుకు, నేరుగా మాస్టర్స్‌కి వెళ్లొచ్చు. తక్కువ వస్తే మిగిలిన క్రెడిట్లలో కొన్ని కమ్యూనిటీ కాలేజీలో చవగ్గా అయిపోతాయి. ఇదివరకే బ్యాచిలర్స్ ఉన్నవాళ్లకి, అది ఇక్కడి బ్యాచిలర్స్‌కి సమానమైన విదేశీ డిగ్రీ అయినా సరే, మళ్లీ డిగ్రీ చదవడానికి పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే సాయం) రాదు, ఆ ఫోన్ చేసేవాళ్లు గ్రాంట్ ఆశ పెడితే గట్టిగా అడగండి.

911 డెస్క్:
అసలు మీరు కోరుకున్న పనికి అంతవరకూ ఆగక్కర్లేదమ్మా. గృహహింస బాధితుల సంస్థలు వాలంటీర్లకి ట్రైనింగ్ ఇస్తాయి, కాలిఫోర్నియా, ఇల్లినాయ్‌లలో అది 40 గంటలు. తెలుగు మాట్లాడే మనిషి దొరికితే వాళ్లకి ఎంత ఊరటో నాకు తెలుసు. రాత్రి రెండింటికి ఇంగ్లీషు రాని ఆడమనిషి మా 911 ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేస్తే, దుబాసీ లైన్లోకి వచ్చేదాకా ఆవిడ ఊపిరి మాత్రమే వినిపిస్తూ ఉంటుంది.

నైట్ డ్యూటీ:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. పొద్దున వాళ్లు ఫోన్ చేస్తే ఇప్పుడే చేరనని చెప్పేశాను. మార్కుల జాబితాల కోసం కాలేజీకి రాశాను. కోర్టులో కలిసిన ఆవిడ కార్డు పర్సులోనే ఉంది, ట్రైనింగ్ ఎప్పుడు మొదలవుతుందో సోమవారం అడుగుతాను.