ముక్కు పక్కన బేసల్ సెల్ క్యాన్సర్: కోసిన చోటును ఎలా కప్పించాలి?

తుంగభద్ర_తీరం (కర్నూలు): మా అమ్మగారి ముక్కు పక్కన చాలాకాలంగా మానని పుండు బయాప్సీలో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌గా తేలింది. చుట్టూ 4 మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా తీసివేసి, చెంప చర్మాన్ని పక్కకు జరిపి కప్పుతామని, అంటే ఫ్లాప్ వేస్తామని సర్జన్ గారు చెప్పారు. ఫ్లాప్ మేలా, వేరే చోటి చర్మం తెచ్చి అతికించే గ్రాఫ్ట్ మేలా? ఖర్చెంత? బెంగళూరు వెళ్లడం అవసరమా?

పెన్నేటి_గట్టు (అనంతపురం): 4 మిల్లీమీటర్లా! మా నాన్నగారి అరికాలిలో నల్లమచ్చ లేస్తే, వేరుశనగ చేలో ముల్లు దిగి కమిలిందని ఊరంతా తేల్చేసింది. అది మెలనోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్. చుట్టూ 2 సెంటీమీటర్లు తీసి, గజ్జల్లోని లింఫ్ గ్రంథులను కూడా తొలగించారు. అంత తక్కువ తీసే సర్జన్‌ను నేనైతే నమ్మను.

థియేటర్_అక్క (కర్నూలు): ఉద్యోగ జీవితమంతా ఆపరేషన్ థియేటర్‌లోనే గడిపిన నర్సును కనుక చెబుతున్నాను, ఈ రెండింటినీ ఒకే కొలతతో చూడకూడదు. మెలనోమా ఎంత లోతుకు దిగిందో కొలిచి అంచును నిర్ణయిస్తారు. మందం 1 మిల్లీమీటరు లోపుంటే 1 సెంటీమీటరు, 2 మిల్లీమీటర్లు దాటితే 2 సెంటీమీటర్లు. బేసల్ సెల్ ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, దానికి 4 మిల్లీమీటర్లు చాలు. తెలియనివారు భయపెట్టవద్దు.

పెన్నేటి_గట్టు: తెలియనివారా? గ్రంథులు తీసిన నాటి నుంచి వాచిన కాలితో మా నాన్నగారు చేను గట్టు దిగలేకపోతున్నారు. ఆ వాపు సంగతి మీ థియేటర్‌లో ఎవరికైనా తెలుసా?

గడప_కడప: మా అత్తగారి పిక్క మీద, ఎప్పుడో స్టవ్ పేలి కాలిన మచ్చలో పుండు పుట్టి స్క్వామస్ సెల్ అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ అయింది. ముక్క తీస్తే ఒళ్లంతా పాకుతుందని బంధువులు బయాప్సీకే అడ్డుపడి, పసర్లు కట్టించి కాలం గడిపారు. చివరకు వెడల్పుగా కోసి తొడ చర్మం అతికించారు. కాలి గాయం కంటే చర్మం చెక్కిన తొడే ఎక్కువ మండింది. ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ కింద పోయింది.

సూక్ష్మదర్శిని (కడప): నర్సు గారి మాట సగమే సరి. ముక్కు, కనురెప్ప, పెదవి, చెవి ప్రాంతాల్లో బేసల్ సెల్ మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. కణాలు కంటికి కనిపించే హద్దు దాటి వేళ్లలా పాకి ఉండవచ్చు. మా ల్యాబులో మామూలు పద్ధతిలో ముక్కను నిలువు పొరలుగా కోసి చూస్తాము కాబట్టి, అంచులో చాలా కొద్ది భాగమే పరీక్షకు అందుతుంది. 1930లలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ మొదలుపెట్టిన పద్ధతిలో పొరపొరగా తీస్తూ అంచంతా చూస్తారు. అది అందుబాటులో లేకపోతే, అంచుల్లో క్యాన్సర్ లేదన్న రిపోర్టు వచ్చాకే ఫ్లాప్ వేయించండి. చర్మాన్ని అటూఇటూ జరిపేశాక కొంత మిగిలిందని తెలిస్తే, అది ఎక్కడుందో పోల్చుకోవడం సర్జన్‌కే కష్టం.

థియేటర్_అక్క: అలాగని ప్రతి ముక్కూ బెంగళూరు బస్సెక్కాలా? గ్రాఫ్టే వేస్తే మాత్రం తొడ చర్మం వద్దనండి, ముఖంలో రంగు కలవదు. చెవి ముందు నుంచో వెనుక నుంచో తీయించండి.

తుంగభద్ర_తీరం: సర్జన్ గారిని అడిగాను. ముందు తీసి, రిపోర్టు వచ్చేవరకు డ్రెస్సింగుతో ఉంచి, తరువాత కప్పడానికి ఒప్పుకున్నారు. అమ్మగారికి షుగర్ ఉంది. అన్ని రోజులు గాయాన్ని తెరిచి ఉంచిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పగలరు.

పెన్నేటి_గట్టు: కాలి వాపుకు వేసే బిగుతు మేజోళ్లు అనంతపురంలో ఎక్కడ దొరుకుతాయో అది కూడా చెప్పండి.