గల్లీల నీళ్లు తీస్తున్నయి, పక్కిండ్లకు సాయం ఏడ మొదలుపెట్టాలె?

టోలీచౌకి గల్లీ:
నాలా పొంగి మా గల్లీల పన్నెండు ఇండ్లల్లకు నడుం దాక నీళ్లొచ్చినయి. పొద్దుగాల్నుంచి తీస్తున్నయి. మూడిండ్లల్ల ముసలోళ్లే ఉంటరు. సంపులన్నీ మోరీ నీళ్లతోని నిండినయి. సాయానికి పదిహేనుమందిమి ఉన్నం. ఏ పని ముందు చేయాలె, ఏది చేస్తే నష్టమైతది? ఆ ముసలోళ్లకు అన్నం పొట్లాలు ఇచ్చుడు కాకుండ ఇంకేం చేయొచ్చు?

వైరింగ్ పని:
మొదట కరెంటు. నీళ్లలో నిలబడి మెయిన్ స్విచ్ ముట్టుకోవద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి గల్లీ మొత్తానికి సప్లై ఆపించండి. చాలామంది మర్చిపోయేది ఇన్వర్టర్. బయట సప్లై పోయినా అది ఇంటి వైర్లలోకి కరెంటు పంపుతూనే ఉంటుంది. మునిగిన ఎంసీబీలను (షార్ట్ అయితే తమంతట తామే పడి కరెంటు ఆపే స్విచ్‌లను) ఎండబెట్టి వాడకండి, కొత్తవి వేయించాల్సిందే. లోపల ఒండ్రు చేరితే షార్ట్ అయినా పడవు, అప్పుడు కాలేది వైరే. ఫ్రిజ్, సంపు మోటారు మెకానిక్ ఆరబెట్టి చూసేదాకా వేయొద్దు.

సెల్లార్ ఉన్న బిల్డింగుల్లో డీజిల్ పంపు బయటే ఉండాలి, పైపు మాత్రమే లోపలికి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నీళ్లన్నీ ఒకే రోజు లాగేయకండి, రోజుకు మూడో వంతు చాలు. నానిన మట్టి బయటినుంచి గోడను నెడుతుంటే లోపలి నీళ్లే దానికి దన్ను.

సంపు లెక్క:
సంపు ఖాళీ చేసి, బురద తీసి, మంచినీళ్లు నింపాక 1000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేయాలి. 5000 లీటర్ల సంపుకు ముప్పావు కిలో. ఇది 33 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్‌కు లెక్క. మూతి విప్పి చాన్నాళ్లయిన సంచిలో ఘాటు పోయి ఉంటుంది, అది పనికిరాదు. బకెట్లో ముద్దలా కలిపి, నీళ్లు పోసి పది నిమిషాలు ఆగితే సున్నం అడుక్కు దిగుతుంది. పైతేట మాత్రమే సంపులో పోయండి. ఆ నీళ్లను పై ట్యాంకుకు ఎక్కించి, ప్రతి నల్లాలో క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, 12 గంటలు అలాగే ఉంచి పారబోయండి. ఇవి తాగే నీళ్లు కావు. బాత్రూం యాసిడ్ దగ్గరికి కూడా రానీయొద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

తాగడానికి ట్యాంకర్ కోసం జలమండలి నంబరు 155313కు చెప్పండి. తెచ్చిన నీళ్లను తెర్ల కాగాక ఇంకో నిమిషం మరగనివ్వాలి. విరేచనాలైతే లీటరు నీళ్లకు ఆరు చదును చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీచెంచాతోనే కొలవండి, ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

నాలుగో అంతస్తు:
ముసలోళ్ల ఇంట్లో అన్నం కంటే ముందు మందులు అడగండి. మునిగిన మాత్రలు, ఇన్సులిన్ పారేయాలి. చీటీ పోయినా ఖాళీ స్ట్రిప్పు ఫోటో చూపిస్తే డాక్టరుకు తెలిసిపోతుంది. బీపీ, షుగరు మాత్రలు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

బురద తడిగా ఉండగానే కడగాలి, ఎండితే గోడకు పట్టేస్తుంది. దూది పరుపులు మాత్రం దక్కవు. కానీ వాళ్లను అడగకుండా ఏదీ ట్రాలీలో వేయకండి, నష్టం లెక్కకు ముందు ఫోటో తీయండి. పెళ్లి ఆల్బమ్ అంటుకుపోయి కనిపిస్తే పేజీలు పీకొద్దు. చల్లటి మంచినీళ్లలో నానబెడితే అంచు తనంతట తానే లేస్తుంది. అప్పుడు ఒక్కొక్క ఫోటో బొమ్మ పైకి పెట్టి నీడలో పాత చీర మీద ఆరబెట్టండి. ఆ పని వాళ్ల పక్కన కూర్చుని చేయండి. ఫోటోలో ఉన్నదెవరో వాళ్లే చెబుతారు, వినండి. ‘ఏం కాదులే’ అని మాట తుంచొద్దు. రోజూ ఒకే మనిషి వెళ్తే మంచిది, కొత్త ముఖాలకు మళ్లీ మొదట్నుంచి చెప్పుకోవడం వాళ్లకు భారం. నిద్ర పట్టక, తిండి మానేస్తే మానసిక సాయం హెల్ప్‌లైన్ 14416లో తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి, కడిగిన సామాను అప్పుడే కిందికి దించొద్దు. 2020 అక్టోబరులో 13న హైదరాబాదును ముంచిన వాన 17న మళ్లీ పడింది.

టోలీచౌకి గల్లీ:
సంపు బురద తీయనీకి ఒక పిల్లగాడు దిగుతనంటున్నడు.

సంపు లెక్క:
దింపకండి. మూసి ఉన్న సంపులో గాలి చెడి ఉంటుంది, కాపాడబోయి దిగినవాళ్లు కూడా పడిపోతారు. మడ్ పంపు అద్దెకు తెచ్చి, పైనుంచి పైపుతో నీళ్లు కొడుతూ బురద కదిలిస్తూ లాగండి. అడుగున మిగిలినదానికి పొడవాటి కర్రకు కట్టిన బ్రష్.